సర్టిఫికెట్ ఎంతవుద్దండి?

పోయిన ఏడాది శ్రావణ మాసంలో ఒక మధ్యాహ్నం, బ్యాచ్‌లేవీ లేని వేళ, ఒకావిడ మా ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, రెండు ఫోటోలు. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి అడిగింది.

"మేడమ్ గారండి, కంప్యూటర్ సర్టిఫికెట్ ఎంతవుద్దండి?"

నేర్చుకోవడానికి ఎంత అని కాదు, సర్టిఫికెట్ ఎంత అని.

ఈ మాట నాకు కొత్త కాదు. నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. డబ్బు తీసుకుని అరగంటలో ప్రింటు తీసి ఇచ్చేవాళ్లు ఉన్నారనీ తెలుసు. మా నాన్న పెట్టిన ఇన్‌స్టిట్యూట్‌లో ఆ పని ఎప్పుడూ జరగలేదు, నేను జరగనివ్వను. అలాగని అడిగినవాళ్లని కసురుకోవడం నాకు ఇష్టం ఉండదు. లోపలికి పిలిచి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, ఏ ఉద్యోగానికి కావాలమ్మా అని అడిగాను.

"రొయ్యల షెడ్డుకండి. పదిహేనేళ్లనుంచి అక్కడే చేస్తున్నానండి."

పదిహేనేళ్లుగా చేస్తున్న పనికి ఇప్పుడు సర్టిఫికెట్ ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. మొదట రొయ్యలు వలిచే పనిలో చేరిందట. తర్వాత ముప్ఫై మంది ఆడవాళ్లున్న ఒక లైనుకి సూపర్‌వైజర్‌ని చేశారు. ఇప్పుడు కాంట్రాక్టరు మారాడు. పాతవాళ్లంతా మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. వలిచేవాళ్లకి ఏమీ అక్కర్లేదు. సూపర్‌వైజర్‌కి మాత్రం 'కంప్యూటర్ సర్టిఫికెట్ తప్పనిసరి' అని కాగితం అంటించారు. అది లేకపోతే మళ్లీ వలుపుడు పనికే, కిలో లెక్కన కూలికి. చదువు ఎనిమిదో తరగతి.

ఉద్యోగానికి కంప్యూటర్ తెలిసి ఉండాలని అడగడం న్యాయమేనా అన్నది చాలా ఏళ్లుగా నా మనసులో ఉంది. నేను బతుకుతున్నదే ఆ అవసరం మీద. అందుకే రాయడానికి ఇంతకాలం వెనకాడాను. ఆవిడతో గడిపిన పదకొండు రోజులయ్యాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది పాలకొల్లు. నాన్న 1983లో టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఆరు గోద్రెజ్ మిషన్లు, రెండు రెమింగ్టన్లు, ఒక తెలుగు మిషను. పొద్దున్న ఐదున్నరకే మొదటి బ్యాచ్. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. ఈ వరుస నాకు ఎక్కాలకంటే ముందు వచ్చింది. పరీక్షల రోజున మిషన్లకి పాత దుప్పట్లు చుట్టి రిక్షాల మీద సెంటరుకి పంపేవాళ్లం. గతుకుల్లో మిషను ఎక్కడ కదిలిపోతుందోనని నాన్న రిక్షా పక్కనే నడిచేవారు. ఇంగ్లీషు లోయరుకి నిమిషానికి 30 మాటలు, హయ్యరుకి 45. ఎవరి స్పీడు ఎంతో, ఎన్ని తప్పులు పడ్డాయో వారం వారం రిజిస్టర్లో రాసేవారు. స్పీడు రాకుండా పరీక్షకి కడతానన్నవాళ్లని ఇంకో ఆరు నెలలు ఆగమనేవారు. ఆ రిజిస్టర్లు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి.

అప్పట్లో కూడా ఉద్యోగానికి టైపు అడిగేవారు. టైపిస్టు పోస్టుకి లోయరు పాసవ్వాలంటే ఎవరికీ అన్యాయం అనిపించలేదు, ఎందుకంటే ఆ ఉద్యోగం చేసే పనే టైపు కొట్టడం. రైసు మిల్లు గుమాస్తాని మాత్రం టైపు వచ్చా అని ఎవరూ అడగలేదు. చిట్టా ఆవర్జా రాయగలడా, తేమ ఎంతుందో ధాన్యం కొరికి చెప్పగలడా అని చూసేవారు. కొబ్బరికాయల వ్యాపారి లెక్కలు రాసే కుర్రాణ్ణి పెట్టుకుంటే, లారీకి ఎన్ని కాయలెక్కాయో తప్పు లేకుండా రాస్తున్నాడా లేదా అన్నదే పరీక్ష. అడిగిన అర్హతకీ చేయబోయే పనికీ పొత్తు ఉండేది.

1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. అప్పుడు అలాంటి ఆఫీసుల్లో పనిచేసే ఇద్దరు పెద్దవాళ్లు సాయంత్రం పూట మా దగ్గరకి వచ్చేవారు. మాకు అప్పటికి కంప్యూటర్ లేదు. అయినా కీబోర్డు మీద అక్షరాల వరుస టైపు మిషను వరుసే కదా. గోద్రెజ్ మిషను మీద వేళ్లు తిప్పుకుని, మర్నాడు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవారు. అందులో ఒకాయనకి యాభై దాటాయి. మొదటి వారం ఆయన వేళ్లు వణికేవి. రిటైరయ్యేదాకా ఆయన ఆ కంప్యూటర్ మీదే పనిచేశారు. కంప్యూటర్ రాదని ఆయన్ని ఎవరూ ఇంటికి పంపలేదు. పనిలో ఉంచుకుని, నేర్చుకోమన్నారు. మేము మొదటి కంప్యూటర్ కొన్నది ఆ మరుసటి ఏడాది.

ఇప్పుడు చీరల షాపులో సేల్స్ గర్ల్‌కి కంప్యూటర్ నాలెడ్జ్ అడుగుతున్నారు. ఆసుపత్రి గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కి అడుగుతున్నారు. మరి ఆ నాలెడ్జ్ అంటే ఏమిటి? బార్‌కోడ్ చూపించి బిల్లు తీయడమా, ఎక్సెల్లో లెక్క కట్టడమా, ఈమెయిల్ పంపడమా? ప్రకటనలో ఎక్కడా ఉండదు. ఒక పిల్ల నెల్లాళ్లు వర్డు, పవర్‌పాయింటు నేర్చుకుని షాపులో చేరింది. అక్కడ ఆమెకి ఇచ్చింది స్కానింగ్ గన్ను ఒక్కటే. ఆ నెల ఫీజు కోసం వాళ్ల అమ్మ ఎంత లేసు అల్లిందో నాకు తెలుసు. నరసాపురం పక్క పల్లెల్లో లేసు అల్లి పిల్లల్ని చదివించే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇంకో విషయం చెప్పాలి. డిగ్రీ చదివిన పిల్లలకి కంప్యూటర్ వచ్చనుకోవడం కూడా సరికాదు. ఫోన్‌లో వాళ్ల వేళ్లు పరుగెడతాయి. వీడియోకి పాట కలుపుతారు, ఫోటో వెనక రంగు మారుస్తారు. కానీ ఫైలు ఎక్కడ సేవ్ చేశావమ్మా అంటే తెల్లముఖం వేస్తారు. ఫోల్డరు అనే ఊహే వాళ్లకి లేదు, ఎందుకంటే ఫోన్ ఎప్పుడూ వాళ్లని అడగలేదు. ఈమెయిల్ పాస్‌వర్డ్ మరిచిపోయి ప్రతి నోటిఫికేషన్‌కీ కొత్త ఈమెయిల్ తెరిచేవాళ్లు నా క్లాసులో సగం మంది. డిగ్రీ కాగితం చూసి 'వీడికి కంప్యూటర్ వచ్చు' అని రాసుకునే ఆఫీసు, ఎనిమిదో తరగతి చూసి 'ఈవిడకి రాదు' అని రాసుకునే ఆఫీసు, రెండూ మనిషిని చూడకుండానే నిర్ణయం చేస్తున్నాయి.

ఆవిడ సంగతికి వస్తాను. నేను సర్టిఫికెట్ ఊరికే ఇవ్వనన్నాను. నేర్పుతాను, నేర్చుకున్నంత మేరకే రాసి ఇస్తాను అన్నాను. "ఆయ్" అంది. ముఖంలో మాత్రం నమ్మకం లేదు. షెడ్డులో సూపర్‌వైజర్ కంప్యూటర్‌లో ఏం చేయాలో ఎవరినైనా అడిగి రమ్మన్నాను. మర్నాడు ఫోన్‌లో ఫోటో తెచ్చింది. ఒకే ఒక్క పేజీ. తేదీ, లాటు నంబరు, రైతు కోడ్, కౌంట్, రకం, ట్రేలు, బరువు. ఏడు గడులు. ఆ ఏడు గడులు నింపడానికి 'కంప్యూటర్ సర్టిఫికెట్ తప్పనిసరి' అన్నారు.

ఆ పేజీ ఎందుకు ముఖ్యమో ఆవిడే నాకు చెప్పింది. మన దగ్గర వరి చేలు చెరువులయ్యాయి. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక ఇంకా పెరిగాయి. ఇక్కడి సరుకు ఎక్కువగా పరదేశాలకే పోతుంది. అక్కడ ఒక పెట్టెలో యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే, ఆ రొయ్య ఏ చెరువుదో వెనక్కి వెతుక్కుంటూ రావాలి. లాటు నంబరు తప్పు పడితే ఆ దారి తెగిపోతుంది. ఇదంతా ఆవిడకి ఎవరూ క్లాసులో చెప్పలేదు. షెడ్డులో చూసి తెలుసుకుంది.

మొదటి రోజు మౌసు పట్టుకోమంటే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. చేతులు చూశాను. ఐసు నీళ్లలో, క్లోరిన్ నీళ్లలో ఏళ్ల తరబడి నాని వేళ్ల చివర్లు నున్నగా అయిపోయాయి. రేషన్ మిషను ఆవిడ వేలిముద్ర తీసుకోదట. పెద్ద కొడుకు వెళ్లి వేలు పెట్టి బియ్యం తెస్తాడు. "మిషన్లన్నీ నా చెయ్యి వద్దంటాయండి, ఇదీ అంతేనేమో అనుకున్నానండి" అంది. ఆ రోజు మౌసు పక్కన పెట్టేశాను. కుడివైపు అంకెల కీలు మాత్రమే చూపించాను. ఐదు మీద మధ్య వేలు, అక్కడ చిన్న గీత తగులుతుంది, చూడకుండా కొట్టొచ్చు అని చెప్పాను. నున్నటి వేలికి ఆ గీత తెలుస్తుందా అని లోపల భయపడ్డాను. తెలిసింది. అరగంటలో అంకెలు కొట్టడం మొదలుపెట్టింది.

ఇంగ్లీషు మాటలు ఎలాగా అనుకున్నాను. హెచ్ఎల్, పీడీ, పీయూడీ. తల తీసినది, వలిచి నరం తీసినది, వలిచి నరం తీయనిది. ఈ అక్షరాలు ఆవిడ పదిహేనేళ్లుగా అట్టపెట్టెల మీద చూస్తూనే ఉంది. కీబోర్డు మీద వాటిని వెతకడమే పని. నాలుగో రోజుకి వెతకడం తగ్గింది.

ఆరో రోజున జరిగినది నేను మరిచిపోలేను. ప్రాక్టీసుకి నేనే ఒక షీటు తయారు చేసి, అంకెలు తోచినట్టు వేసి ఇచ్చాను. ఒక వరుసలో చెరువు కౌంట్ 100 అని, తల తీసిన సైజు 21/25 అని ఉంది. ఆవిడ ఆ వరుస దగ్గర ఆగిపోయింది. కీ దొరకలేదేమో అనుకున్నాను.

"ఇది తప్పండి" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ విడమర్చి చెప్పింది. చెరువు దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్నది. పెట్టె మీద 21/25 అంటే పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, ఎన్నన్నది, అదీ తల తీశాక. 100 కౌంట్ రొయ్య ఒక్కోటి పది గ్రాములు. తల పోతే ఆరున్నర గ్రాములు మిగిలితే గొప్ప. అది పౌనుకి డెబ్బై దగ్గర పడుతుంది. 21/25 రావాలంటే 30 కౌంట్ చిల్లర రొయ్య కావాలి. "ఇలా ఎంట్రీ వేస్తే వంద కౌంట్ సరుకుకి ముప్ఫై కౌంట్ రేటు పడిపోద్దండి" అంది. నేను కాలిక్యులేటర్ తీసి లెక్క కట్టాను. ఆవిడ చెప్పిందే నిజం.

కంప్యూటర్ ఆ తప్పుని ఎర్ర గీత పెట్టి చూపించలేదు. 100 అంకెనీ ఒప్పుకుంది, 21/25నీ ఒప్పుకుంది. పీజీడీసీఏ అనే కంప్యూటర్ పీజీ డిప్లొమా చదివి, ఇరవై ఐదేళ్లుగా కంప్యూటర్ నేర్పుతున్న నాకూ తెలియలేదు. ఆ షెడ్డుకి కావలసిన తెలివి ఆవిడ దగ్గరుంది. లేనిది ఆ తెలివిని గడుల్లో పెట్టే అలవాటు. అది మొత్తం పదకొండు రోజులు, రోజుకి రెండు గంటలు, 22 గంటల్లో వచ్చింది.

పల్లెల్లో కంప్యూటర్ అక్షరాస్యత కోసం కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన పథకంలో ఇంటికొకరి చొప్పున ఆరు కోట్ల ఇళ్లకి నేర్పాలని లక్ష్యం పెట్టుకున్నారు. పద్నాలుగు నుంచి అరవై ఏళ్ల వయసు వాళ్లకి, 20 గంటల శిక్షణ. మొదటి మెట్టుకి ఇరవై గంటలు చాలని దేశమంతటికీ లెక్క వేసుకున్నాక, ఆ ఇరవై గంటల పాఠం కోసం పదిహేనేళ్ల అనుభవాన్ని గుమ్మం బయట నిలబెట్టడం ఏం పద్ధతి? రొయ్య చూసి కౌంట్ చెప్పడం ఇరవై గంటల్లో వస్తుందా? ఇరవై నెలల్లోనైనా వస్తుందా?

ఇంతవరకు చదివి, నేను కంప్యూటర్ అక్కర్లేదంటున్నానని అనుకోవద్దు. అలా అనలేను. మా మేనమామ కౌలు రైతు, ఆచంట వైపు. మూడేళ్ల కిందట సార్వా ధాన్యం అమ్మాడు. వివరాలు ఎక్కించేటప్పుడు బ్యాంకు ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడింది. ఎక్కించిన మనిషి చెడ్డవాడు కాదు. ఎవరి మాట మీదో ఆ సీటులో కూర్చోబెట్టారు. నంబరు కొట్టాక కాగితంతో పోల్చి చూసుకోవాలని అతనికి ఎవరూ నేర్పలేదు. తప్పు పడిందని తెలిశాక దాన్ని ఎలా దిద్దాలో అతనికి తెలియదు, తెలియదని చెప్పడానికి మొహమాటం. ఆ డబ్బు దాళ్వా, అంటే రెండో పంట, కోతల దాకా రాలేదు. ఈలోపు ఎరువులకి, కౌలుకి మామయ్య నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఆ వడ్డీ ఎవరూ తిరిగి ఇవ్వరు. కాబట్టి బీదవాళ్ల కాగితాలు చేతిలో పెట్టుకుని కూర్చునే సీటుకి కంప్యూటర్ రాని మనిషిని పంపడం తప్పు అని గట్టిగా చెబుతాను. అక్కడ నేర్చుకునేదాకా చూద్దాం అనడానికి లేదు. నేర్చుకున్నాకే ఆ సీటు.

తేడా అంతా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. ఆ ఉద్యోగమే కంప్యూటర్ మీద నడిచేదా, లేక ఉద్యోగం వేరే ఉండి అందులో కంప్యూటర్ ఒక పనిముట్టా? 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు ఈ తేడా చూశారు. డిజిటల్ అసిస్టెంట్‌కి సాంకేతిక చదువు అడిగారు. పక్క కుర్చీలో కూర్చునే మత్స్య సహాయకుడికి చేపలూ రొయ్యల చదువు అడిగారు. ఇద్దరూ ఇవాళ వివరాలు యాప్‌లోనే ఎక్కిస్తారు. కానీ చెరువులో నీళ్లు రంగు మారాయని రైతు పరుగెత్తుకొస్తే చెప్పవలసింది మత్స్య సహాయకుడే. అతణ్ణి ఎంపిక చేసేటప్పుడు ముందు అది చూడాలి.

ఏపీపీఎస్సీ గ్రూప్-2 పద్ధతి కూడా నాకు నచ్చుతుంది. రాత పరీక్షలో నెగ్గాక కంప్యూటర్ పరీక్ష పెడతారు. వంద మార్కులకి, కంప్యూటర్ ముందు కూర్చుని చేసి చూపించే పరీక్ష. పాసవడానికి ఓసీలకి 40, బీసీలకి 35, ఎస్సీ ఎస్టీలకి 30 మార్కులు వస్తే చాలు. ర్యాంకు మాత్రం రాత పరీక్షదే. సర్టిఫికెట్ చూపించమనరు, చేసి చూపించమంటారు. నా దగ్గర ఆ పరీక్షకి ప్రాక్టీసు చేసే పిల్లలకి టెన్షన్ ఉంటుంది గానీ, ఇది అన్యాయం అన్నవాళ్లని నేను చూడలేదు.

ఇంకోటి కూడా. సహకార పరపతి సంఘాల్ని కంప్యూటరీకరించడానికి 2022 జూన్‌లో కేంద్రం ఆమోదం ఇచ్చింది. దేశంలో 63,000 సంఘాలు, 2,516 కోట్ల రూపాయలు. అందులో సాఫ్ట్‌వేర్‌తో పాటు సిబ్బందికి శిక్షణ కూడా ఒక భాగం. రైతుల అప్పులు, ఎరువుల ఖాతాలు నోటి మీద చెప్పగల సంఘం గుమాస్తాలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లకి నేర్పించడం ఎప్పటికైనా తేలిక. వాళ్లని పంపేసి, కీబోర్డు వచ్చిన కుర్రాడికి ఆ జ్ఞాపకాన్ని నేర్పించడం ఎవరి తరం?

ఆవిడకి నేను ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఇలా రాశాను. 'అంకెల కీబోర్డు మీద చూడకుండా ఎంట్రీ చేయగలరు. ఏడు గడుల లాటు షీటు నింపి, సరిచూసి, సేవ్ చేసి, ప్రింటు తీయగలరు. గంటకి 60 వరుసలు, తప్పులు రెండుకి మించలేదు.' కింద సంతకం. నాన్న రిజిస్టర్లో రాసే పద్ధతి అదే.

దాన్ని తీసుకుని ఆవిడ ఇంటర్వ్యూకి వెళ్లింది. అక్కడ కాగితం చూసినాయన డీసీఏ, అంటే కంప్యూటర్ డిప్లొమా, అని ఎక్కడుందని అడిగాడట. లేదని పక్కన పెట్టాడు. చేసి చూపిస్తానండి అంటే, ఆ అవసరం లేదన్నాడు. చివరికి ఏం చేశారంటే, డిగ్రీ చదివిన ఒక కుర్రాణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఆవిడని అతని పక్కన నిలబెట్టారు. కౌంట్ ఆవిడ చెబుతుంది, అతను కొడతాడు. సూపర్‌వైజర్ అతనే. ఆవిడ హెల్పరు, జీతం పాతదానికంటే తక్కువ. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ ఏడవలేదు. నాకే గొంతు పట్టుకుంది.

ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. మంచి పిల్లాడట, ఆవిడని పిన్నీ అని పిలుస్తాడట. మధ్యాహ్నం అన్నానికి వెళ్తే ఆవిడనే కుర్చీలో కూర్చోబెట్టి ఎంట్రీ వేయమంటాడట. ఆ అరగంట ఏడు గడులూ ఆవిడే నింపుతుంది.

అప్పట్నుంచి మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక మార్పు చేశాను. ఎవరు చేరడానికి వచ్చినా డీసీఏనా, ట్యాలీనా అని అడగడం మానేశాను. ఏ పనికి వెళ్తున్నారు, అక్కడ కంప్యూటర్‌లో నింపే కాగితం ఏది, ఫోటో తీసి తెస్తారా అని అడుగుతున్నాను. ఇప్పటికి పద్నాలుగు రకాల కాగితాలు పోగయ్యాయి. ఐసు ఫ్యాక్టరీ గేటు పాసు, ల్యాబు శాంపిల్ రిజిస్టరు, ఎరువుల షాపు స్టాకు షీటు, కళ్యాణ మండపం బుకింగ్ పేజీ. ఏ ఒక్కటీ పది గడులు దాటలేదు.

పాలకొల్లు, భీమవరం, నరసాపురం చుట్టుపక్కల మనుషుల్ని పనిలో పెట్టుకునేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ప్రకటనలో 'కంప్యూటర్ నాలెడ్జ్ తప్పనిసరి' అని రాసే చోట, ఆ ఒక్క కాగితం అంటించండి. ఇది నింపగలగాలి అని రాయండి. వచ్చినవాళ్లని పావుగంట కుర్చీలో కూర్చోబెట్టి చూడండి. మీ పాతవాళ్లు ఎవరికైనా రాకపోతే నా దగ్గరకి పంపండి. ఫీజు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఆవిడ ఇప్పటికీ ఆదివారాలు వస్తుంది. ఫీజు వద్దన్నా వినదు, సంచిలో ఏదో ఒకటి తెచ్చి బల్ల మీద పెడుతుంది. పోయిన వారం మొత్తాలు కట్టడం నేర్చుకుంది. లాటు ట్రేలన్నీ కలిపి ఎంత బరువో గడిలో దానంతట అదే పడేసరికి, కుర్చీ నా వైపు తిప్పి, "ఇది మా కుర్రోడికి రాదండి, రేపు నేర్పుతానండి" అంది.